యముడి పెట్టెకు గొడుగు గుడ్డ

నా ఉద్యోగ జీవితం రెండు మాటల మీద నడిచింది. పగలు స్టూడియోలో కుర్చీ ఎక్కినవాళ్ళను "కదలకండి" అనేవాణ్ణి. సాయంత్రం గ్రంథాలయం హాల్లో మా హేతువాద సంఘం సభ పెట్టి "ఇకనైనా కదలండి, ఆలోచించండి" అనేవాణ్ణి. జగ్గయ్యపేట జనం మర్యాదస్తులు. మొదటి మాటను తు.చ. తప్పకుండా పాటించారు, స్టూడియోలోనూ, సభలోనూ.

మీ తరం అన్నం తింటూ ఒకటి, ఆవులిస్తూ ఒకటి ఫోటో తీసుకుంటోంది. తప్పు పట్టను. కానీ మా ప్రాంతంలో ఒకప్పుడు చాలామందికి జీవితం మొత్తమ్మీద ఒకే ఒక్క ఫోటో ఉండేదనీ, అదైనా వాళ్ళు పోయాక తీసిందేననీ చెబితే మీరు నమ్మకపోవచ్చు. ప్రాణం ఉండగా ఫోటో దిగితే ఆయుష్షు తరుగుతుందని భయం. పోయాక ఇక తరగడానికేముంది? అందుకని స్నానం చేయించి, కొత్త బట్ట కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, తల వాలిపోకుండా వెనక నుంచి తువ్వాలుతో బిగించి, అప్పుడు ఫోటో వాడికి కబురు పెట్టేవాళ్ళు. ఆ ఫోటోల్లో మూసిన రెప్పల మీద తెరిచిన కళ్ళు గీయడం మా వృత్తిలో ఒక పని. మా స్టూడియోలో ఆ పని చేసే మాస్టారు క్రైస్తవుడు. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవాడు, మిగతా రోజులు చనిపోయినవాళ్ళకు చూపు ఇచ్చేవాడు. మా ఇద్దరికీ దేవుడి విషయంలో ఏకాభిప్రాయం లేదు, టీ విషయంలో ఉండేది.

ఇది యాభైల చివరి సంగతి. స్టూడియోకి ఉన్న ఒక్క కెమెరా, ఒక పెళ్ళికి వెళ్ళి వస్తుంటే పాలేరు వాగు దాటేచోట ఎడ్లబండి మీంచి నీళ్ళలో పడింది. ఎండబెడితే చెక్క పిగిలింది. కొత్తది కొనే తాహతు లేక మా యజమాని నందిగామ వెళ్ళి పాతది ఒకటి పట్టుకొచ్చాడు. అక్కడ ఒక పాత ఫోటోగ్రాఫర్ కాలం చేస్తే, ఆయన ఇంటివాళ్ళు దాన్ని ఎవరో ఒకరు తీసుకుపోతే చాలన్నట్టు ఇచ్చేశారట. ఎందుకిచ్చారో బండి దిగుతూనే తెలిసింది.

ఇంగ్లండు సీమ నుంచి వచ్చిన కెమెరా అది. టేకు పెట్టె, ఇత్తడి గొట్టంలో అద్దం, మధ్యలో హార్మోనియంలాగా సాగే మడతల తోలు తిత్తి, కింద మూడు కాళ్ళ స్టాండు. ఫిల్మ్ చుట్ట కాదు, ఒక్కో ఫోటోకి ఒక్కో గాజు పలక. మీట నొక్కితే టప్పుమనేది కాదు. అద్దం మీది మూత తీయాలి, ఒకటి రెండు మూడు అనుకోవాలి, మూత పెట్టేయాలి. చూడ్డానికి రాచఠీవి. నందిగామలో దాని పేరు మాత్రం యముడి పెట్టె. ఆ పాత ఫోటోగ్రాఫర్‌ను పిలిచిందంతా చావు ఇళ్ళకే. వీరులపాడు నుంచి గరికపాడు దాకా దాని ముందు కూర్చున్న ప్రతివాడూ చనిపోయినవాడే అని చెప్పుకునేవాళ్ళు.

నేను ఊరుకుంటానా? స్టూడియో అరుగు మీద పంచాంగం పెట్టుకుని ఒక పంతులుగారు కూర్చునేవారు. ఆయనకూ నాకూ గ్రంథాలయం హాల్లో పాత వాదం. ఆయన దగ్గరే మొదలుపెట్టాను. అయ్యా, కెమెరా ముందు కూర్చుని వాళ్ళు చావలేదు, చచ్చారు కాబట్టి కెమెరా ముందు కూర్చోబెట్టారు. వాన పడ్డాక గొడుగు తెరిచినవాణ్ణి చూసి గొడుగే వాన తెచ్చిందంటే ఎలా అని అడిగాను. పంతులుగారు పొడుం పీల్చి, నేను చెప్పింది బాగానే ఉందని ఒప్పుకున్నారు.

"మరయితే ముందు నువ్వు కూచోవోయ్ దాని ముందు," అన్నారు.

కూర్చున్నాను. తుప్పు పట్టిన పళ్ళచక్రాన్ని కిరసనాయిలుతో కడిగి, వెనక బొమ్మ పడే గరుకు గాజు పగిలిపోతే దాని స్థానంలో కిటికీ గాజును నూరి బిగించి, మాస్టారి చేతికి మూత ఇచ్చి, హేతువాదం తరఫున ఛాతీ విరిచి కూర్చున్నాను. పలక కడిగి అచ్చు తీస్తే నా ఎడమ భుజం మీద, తెల్లగా, పొడుగ్గా, మనిషి నిలబడ్డట్టు ఏదో ఉంది.

మాస్టారు దాన్ని చాలాసేపు చూసి, మనం నమ్మకపోయినా అది మనల్ని నమ్మినట్టుందండీ అన్నాడు. పంతులుగారు అరుగు దిగి వచ్చి చూసి ఏమీ అనలేదు. ఆయన అనకపోవడం వల్లే మధ్యాహ్నానికల్లా బజారంతా తెలిసిపోయింది.

దెయ్యం ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. చీకటి గదిలో తిత్తి లోపల టార్చిలైటు పెట్టి బయటినుంచి చూస్తే, మడతల మూలల్లో చుక్కల్లా వెలుగు. పాత తోలు కదా, చిల్లులు పడ్డాయి. అక్కడినుంచి దూరిన వెలుతురే నా భుజం మీది పెద్దమనిషి. నల్లగుడ్డ ముక్కలు కత్తిరించి చిల్లుల మీద అతికించాను. అతికించడానికి చేతిలో ఉన్నది మా సంఘం పోస్టర్ల బకెట్టు. మైదా పిండి కాచిన జిగురు. మూఢనమ్మకాలను ఖండించే జిగురుతోనే దెయ్యాన్ని మూసేశానని ఆ సాయంత్రం సభలో ఒక చమత్కారం కూడా విసిరాను. చప్పట్లు పడ్డాయి.

వారం తిరక్కుండా మళ్ళీ తీస్తే ఈసారి నా వెనక ఒక కుటుంబం నిలబడి ఉంది. తిత్తి విప్పి చూస్తే సంగతి అర్థమైంది. మైదా రుచికి బొద్దింకలు వచ్చి జిగురుతోపాటు గుడ్డనీ, గుడ్డతోపాటు కాస్త తోలునీ తినేశాయి.

"మన పోస్టర్లు కూడా గోడ మీద ఉండట్లేదు కదండీ, ఆవులు తినేస్తున్నాయి," అన్నాడు మాస్టారు. "మీ భావాలు జీర్ణించుకున్నవి ఈ ఊళ్ళో అవే."

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆవిడ వచ్చింది.

వీరులపాడు వైపు ఒక ఊళ్ళో సొంత సేద్యం ఉన్న కుటుంబం. డెబ్బై దాటి ఉంటాయి. మనిషి గట్టిది, చూపు మరీ గట్టిది. కళ్ళ డాక్టరుకు చూపించుకోవాలని ఇంట్లో చెప్పి పేటకొచ్చి, డాక్టరును దాటుకుని మా మెట్లెక్కింది. నేరుగా లోపలికి వచ్చి, తిత్తి విప్పి పరిచి ఉన్న కెమెరాను చూసింది.

"ఇదేగా నందిగామది?" అంది. "మా ఆయన్ని తీసింది ఇదే."

భయపడి వెళ్ళిపోతుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుంది. భర్త ఫోటో సంగతి చెప్పింది. ముక్కుల్లో దూది, గడ్డం కింద కట్టు, రెప్పల మీద ఎవరో గీసిన కళ్ళు. మాస్టారు ఇక్కడ తలదించుకుని బ్రష్షులు సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఆ పటం వసారాలో ఎదురుగా ఉంటుందట. పొద్దున్న లేస్తే అదే మొహం. చూసి చూసి ఆయన బతికున్నప్పటి మొహం తనకు గుర్తుకు రావడం మానేసిందట. నవ్వితే ఎలా ఉండేవాడో ఎంత తలుచుకున్నా రావడం లేదట.

"రేపు నన్నూ అట్టాగే కట్టేసి కూచోబెడతారు. నా మనవలు ఆ మొహమే గుర్తుపెట్టుకుంటారు. నాకొద్దు నాయనా. కళ్ళు తెరుచుకుని ఉండగా తియ్యి. ఆయన పటం పక్కన అదే కొలతలో ఉండాల."

ఇన్నేళ్ళ నా ఉపన్యాసాలలో అంత సూటి మాట ఒక్కటి లేదు. అయితే పెద్దకొడుక్కి ఫోటో అంటే చచ్చేంత భయమనీ, తెలిస్తే రానివ్వడనీ, త్వరగా కానివ్వమనీ అంది. కెమెరా బాగుకాలేదని చెప్పాను. ఎన్నాళ్ళు పడుతుందంది. బొద్దింకల విషయం చెప్పక తప్పలేదు. ఆవిడ నన్ను జాలిగా చూసింది. కళ్ళు ఇంకోసారి చూపించుకోవడానికి వస్తానని చెప్పి వెళ్ళింది.

ఆ రోజు నుంచి ఆ తిత్తి నాకు పట్టుదల అయింది. ఒక జిగురు పెట్టి అతికితే మడతల్లో విరిగిపోయేది. ఇంకోటి బొద్దింకలకు నచ్చేది. చివరికి సైకిలు పంక్చరు అయితే వేయించుకోవడానికి కూర్చుని, షాపువాడు ట్యూబు మీద రబ్బరు సొల్యూషన్ రాస్తుంటే చూస్తూ చూస్తూ లేచి నిలబడ్డాను. అది సాగుతుంది, మడతపడుతుంది, ఏ బొద్దింకా ముట్టదు. ఇక పలచగా, చిక్కగా, వెలుతురు దూరని నల్లగుడ్డ కావాలి. అరుగు మీద పంతులుగారి పాత గొడుగు గోడకు ఆనించి ఉంది. రెండు పుల్లలు విరిగి, వాన కంటే ఆయనకే ఎక్కువ అడ్డం పడుతున్న గొడుగు.

అడిగాను. ఎందుకన్నారు.

"మీ దెయ్యాన్ని మూయడానికండీ," అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి ఇచ్చేశారు. ఆ ఆలోచన దేన్ని గురించో నాకు తర్వాత తెలిసింది.

గొడుగు గుడ్డ, సైకిలు సొల్యూషన్ కలిసి పని చేశాయి. టార్చి పెడితే చీకటి గదిలో ఒక్క చుక్క కనిపించలేదు. నా మూడో ఫోటోలో నేను ఒంటరిగా ఉన్నాను. మాస్టారు మాత్రం, మీ వెనక ఎవరూ లేకపోతే ఎలాగో బోసిగా ఉందండీ అని పెదవి విరిచాడు.

ఆవిడ వచ్చింది. జరీ అంచు చీర కట్టుకుని, సంచీలో దువ్వెన తెచ్చుకుని వచ్చింది. అద్దాల కప్పు కింద కుర్చీ వేశాను. నల్లగుడ్డలో తల దూర్చి చూపు సరిచేసుకుని, పలక పెట్టి, మూత తీస్తూ, కదలొద్దు, మాట్లాడొద్దు అన్నాను. ఆవిడ నవ్వేసింది.

"కదలకుండా, మాట్లాడకుండా ఉండేదాన్నయితే చచ్చాకే తీయించుకునేదాన్నిగా నాయనా."

మొదటి పలక ఆ నవ్వుకే పోయింది. రెండో పలక, మనవరాలి ముక్కుపుడక గురించి మాస్టారితో చెబుతుండగా పోయింది. ఇంకొకటే మిగిలింది. దాన్ని పెట్టెలో పెడుతుండగా గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. పెద్దకొడుకు. యాభై ఏళ్ళ మనిషి, ఊళ్ళో నలుగురికి చెప్పేవాడు, చెమటలు కారుతూ నిలబడ్డాడు. కళ్ళ డాక్టరు దగ్గర ఆరా తీసి వచ్చినట్టున్నాడు.

"అమ్మా, లెగు. ఇంటికి పోదాం."

"డాక్టరు చూస్తున్నాడు, ఉండు."

"ఆ పెట్టె నాన్నని తీసింది. నీకేమన్నా అయితే నేనేం కావాల?"

నేను నోరు తెరిచాను. గొడుగూ వానా ఉపమానం నాలుక చివరే ఉంది. మాస్టారు నా జబ్బ పట్టుకుని ఆపాడు. వృత్తిలో ఆయన నాకు చేసిన ఉపకారాల్లో అది పెద్దది. ఎందుకంటే ఆ మనిషి వాదించడానికి రాలేదు, భయపడి వచ్చాడు. ఆ తేడా నాకు అప్పటికి సరిగ్గా తెలియదు.

ఆవిడ కొడుకును కోప్పడలేదు. నా పక్కన, కెమెరాకు ఆనుకుని ఉన్న చోటు చూపించింది.

"ఇట్టా వచ్చి ఇక్కడ నుంచో. నేను పెట్టెని చూడను, నిన్ను చూస్తా. సరేనా?"

వాడు వచ్చి నిలబడ్డాడు. గడ్డం వణుకుతోంది. ఆవిడ వాణ్ణి చూస్తూ కూర్చుంది. అప్పటిదాకా ఒక్క క్షణం ఊరుకోని మనిషి, అలా చూస్తూ నిశ్చలంగా అయిపోయింది. నేను కదలొద్దని అననే లేదు. మూత తీశాను, ఒకటి రెండు మూడు అనుకున్నాను, మూత పెట్టాను.

అచ్చు తీశాక మాస్టారు బ్రష్షు తీసుకుని, తిరిగి పెట్టేశాడు. తను చెయ్యి పెట్టడానికి ఇందులో ఏమీ లేదన్నాడు. కళ్ళు ఎవరూ గీయనక్కర్లేకుండా ఉన్నాయి.

ఇక్కడితో కథ అయిపోతే నేను మీకు చెప్పేవాణ్ణి కాదు. పటం ఇంటికి చేరిన కొద్ది రోజులకే ఆవిడకు జ్వరం వచ్చింది.

పంతులుగారే ఆ కబురు చెప్పారు. ఎగతాళిగా కాదు, నిజంగా బాధపడుతూ చెప్పారు. అది మరీ దారుణం. నేను అప్పటికప్పుడు సైకిలెక్కాను. దారిలో ఆవిడ గురించి ఎంత బెంగపడ్డానో, నా వాదం గురించీ అంతే బెంగపడ్డాను. ఆవిడ పోతే ఇక నందిగామ తాలూకాలో నా మాట వినేదెవరు? ఇల్లు చేరితే కొడుకు గుమ్మంలో నన్ను చూసి పక్కకు జరిగి దారిచ్చాడు. తిట్టినా బాగుండేది. నందిగామ నుంచి డాక్టరును తీసుకొచ్చాను. మందులు వేళకు వేశారో లేదో అని రోజూ వెళ్ళాను. ఆవిడ పథ్యం నేను అడిగినంత వివరంగా ఆవిడ కోడళ్ళు కూడా అడగలేదు. ఒక నాస్తికుడు మొక్కుకోవడం తప్ప చేయగలిగినవన్నీ చేశాను. పంతులుగారు మొక్కుకున్నారట, ఆవిడ కోసమో, నా కోసమో చెప్పలేదు.

జ్వరం దిగింది. ఆవిడ లేచి కూర్చుని మజ్జిగన్నం అడిగింది. నేను ఆ సాయంత్రం సభలో గంటన్నర మాట్లాడాను.

ఆ తర్వాత ఆవిడ బతుకుతూనే ఉంది. ఏడాది తర్వాత ఏడాది, ఏ రోగం లేకుండా, కొడుకుల మీద కేకలేస్తూ, మిరప కల్లాల దగ్గర నిలబడి బస్తాలు ఎత్తిస్తూ బతికింది. అరవైలలోకి వచ్చేసరికి చుట్టుపక్కల ఊళ్ళలో ఒక మాట పుట్టింది. యముడి పెట్టె ముందు బతికుండగా కూర్చుంటే యముడు మోసపోతాడట. ఈ మనిషి ఫోటో మనకు ఇదివరకే వచ్చేసింది కదా అని వదిలేస్తాడట. అంటే ఆ కెమెరాలో ఫోటో దిగితే ఆయుష్షు పెరుగుతుంది.

దానికి తోడు పంతులుగారి గొడుగు. దెయ్యాన్ని మూయడానికి అన్న నా చమత్కారం ఆయన దాచుకుని, అడిగినవాళ్ళకల్లా చెప్పేవారు. దోషం పోయింది తన గొడుగు నీడ పడ్డాకేనట. "నువ్వే అడిగి తీసుకున్నావుగా," అన్నారు నేను నిలదీస్తే.

ఇక స్టూడియో ముందు ముసలివాళ్ళ బారు. మా యజమాని ఆనందానికి అంతు లేదు, నా దుఃఖానికి అంతకంటే లేదు. కూర్చున్న ప్రతివాళ్ళకూ చెప్పేవాణ్ణి. ఇది చెక్క, ఇది గాజు, ఇది సైకిలు సొల్యూషన్, ఇందులో ఏ మహిమా లేదు అని. శ్రద్ధగా వినేవాళ్ళు. గరికపాడు అవతల నుంచి వచ్చిన ఒక తాత అంతా విని, తలపాగా సర్దుకుని, "మంచిగ జెప్పినవ్ బిడ్డా. ఇగ ఎటు జూడమంటవ్?" అన్నాడు. ఫోటో అంటే చావని భయపడిన జనం, ఫోటో అంటే చావు లేదని నమ్మారు. మధ్యలో ఉన్న చిన్న నిజం దగ్గర ఒక్కరూ ఆగలేదు. యజమాని ఏమో, ఏవయ్యా, వాళ్ళు నవ్వుతూ వచ్చి కూచుంటుంటే నీకేం నొప్పి అని నన్ను తిట్టేవాడు. మాస్టారు మాత్రం, చచ్చినవాళ్ళకు కళ్ళు గీసే పని తగ్గింది కదండీ, ఈ యముడు ఆ యముడి కంటే నయమే అనేవాడు.

చివరికి నాకు ఒక ఉపాయం తోచింది. ఆవిడే స్వయంగా సభకు వచ్చి, నాకు ఆయుష్షు ఇచ్చింది కెమెరా కాదు, డాక్టరూ మందులూ అని చెబితే? వెళ్ళాను. ఆవిడ వసారాలో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. గోడ మీద రెండు పటాలూ పక్కపక్కన ఉన్నాయి. ఇప్పుడు రెండో పటాన్నే చూస్తుంటాననీ, దాన్ని చూస్తుంటే ఒక్కోసారి భర్త నవ్వు గుర్తొస్తోందనీ, ఎందుకో తనకు తెలియదనీ చెప్పింది. నాకూ తెలియదు. కారణం అడగకుండా వదిలేసిన విషయాలు నా జీవితంలో తక్కువ, అది ఒకటి.

నేను వచ్చిన పని చెప్పాను. ఆవిడ తొడిమలు తీస్తూనే అంతా వింది.

"నేను సభలో చెబితే నమ్ముతారా నాయనా? నన్ను చూసి, అదిగో బతికే ఉందిగా అంటారు."

నిజమే. ఆవిడ ఎంత గట్టిగా చెబితే అంత గట్టి సాక్ష్యం అవుతుంది. నేను తల పట్టుకున్నాను. ఆవిడ నా వైపు చూసి, తలుపు చాటు కోడలికి వినపడకుండా గొంతు తగ్గించింది.

"పోనీ, నీ వాదం గెలవడానికి చచ్చి చూపించమంటావా?"

వద్దని చేతులు జోడించాను. నమస్కారాలు వృథా అని రాసిన చేతులే అవి.

చాలా ఏళ్ళకు, పండు వయసులో, ఆవిడ నాకా సాయం కూడా చేసింది. నిద్రలో పోయింది. వెళ్ళాను. గుమ్మం దగ్గర చేరినవాళ్ళలో ఒకడు నన్ను పక్కకు పిలిచి, నిజంగానే ఆరాటపడుతూ, గొడుగు గుడ్డ పాతబడిందా అండీ, మార్పించారా అని అడిగాడు. ఆ రోజు నాకు వాదించే ఓపిక లేదు. మారుస్తాం అన్నాను.

లోపల బంధువులు కుర్చీ వెతుకుతున్నారు. ఫోటో ఆయన కూడా వచ్చాడు, కూర్చోబెట్టండి అంటున్నారు ఎవరో. పెద్దకొడుకు లేచాడు. అప్పటికి వాడూ ముసలివాడే. నా ఖాళీ చేతుల వైపు చూసి, తర్వాత బంధువుల వైపు తిరిగాడు.

"కుర్చీ వద్దు. పడుకోనియ్యండి. ఫోటో ఉందిగా."

అందరం గోడ వైపు చూశాం. ఆవిడ చూపు మా ఎవరి మీదా లేదు. ఆ రోజు నా పక్కన గడ్డం వణుకుతూ నిలబడ్డవాడి మీదే ఉంది.